బేలు వెనుక కూలీ ఎవరు? పత్తి వర్తకంలో కొత్త ప్రశ్న

పత్తి కొనే వర్తకుడు ఇంతకాలం చూసేవి నాలుగైదే. పింజ పొడవు ఎంత, తేమ ఎంత, చెత్త ఎంత, రంగు ఎలా ఉంది, మైక్రోనేరు ఎంత వచ్చింది. మచ్చు తెప్పించి, వేళ్ల మధ్య దూదిని లాగి చూసి, ధర చెప్పి బేరం ముగించడం మార్కెట్ ఆచారం. ఈ పత్తిని ఎవరు తీశారు, తమంతట తాము వచ్చి తీశారా, ఎవరైనా తోలితే వచ్చి తీశారా అన్న మాట ఏ బేరంలోనూ వినిపించేది కాదు. ఇప్పుడది వినిపిస్తోంది. దుస్తులలోని దూది ఎక్కడిదో కాగితాలతో చూపలేని సరకును అమెరికా రేవుల్లో కస్టమ్స్ వారు నిలిపివేస్తున్నారు. యూరపు సమాజం 2024లో ఆమోదించిన నిబంధన 2027 డిసెంబరు 14 నుంచి వర్తిస్తుంది. నిర్బంధ శ్రమతో తయారైన ఏ సరకునూ ఆ దేశాలలో అమ్మడానికి గాని, అక్కడినుంచి ఎగుమతి చేయడానికి గాని అప్పటినుంచి వీలుండదు.

చిక్కు ఎక్కడంటే, ఈ ప్రశ్నకు మచ్చులో జవాబు దొరకదు. వెట్టిచాకిరీతో తీయించిన పత్తికీ, సరైన కూలి ఇచ్చి తీయించిన పత్తికీ పింజలో వెంట్రుకవాసి తేడా ఉండదు. మొక్క పీల్చుకున్న నీటి గుణం, నేల గుణం దూదిలో నిలిచిపోతాయి గనుక అది ఏ ప్రాంతంలో పండిందో ప్రయోగశాలలో చాలావరకు చెప్పగలుగుతున్నారు. ఎక్కడ పండిందో చెప్పగలరు గాని, ఎవరు తీశారో ఏ యంత్రమూ చెప్పలేదు. దానికి లెక్కల పుస్తకాలు, బిల్లులు, ఊళ్లలో విచారణ తప్ప మరో దారి లేదు. ఈ పనికి పూనుకున్నవారిలో విశ్వవిద్యాలయాల విద్యార్థులు, అధ్యాపకులు గణనీయంగా ఉండడం వర్తక వర్గాలు గమనించవలసిన విషయం.

సాక్ష్యభారం తలకిందులు

అమెరికాలో ఈ నిషేధం కొత్తది కాదు. ఖైదీలచేత గాని, నిర్బంధ శ్రమతో గాని తయారైన సరకు దిగుమతిని 1930 నాటి సుంకాల చట్టం 307వ సెక్షను అప్పుడే నిషేధించింది. ఐతే అందులో ఒక వెసులుబాటు ఉండేది. దేశంలో గిరాకీకి సరిపడా ఉత్పత్తి లేని సరకైతే నిషేధం వర్తించదు. ఈ కన్నంలోంచి దూరిపోయిన సరకే ఎక్కువ. 2016 ఫిబ్రవరిలో దానిని మూసివేశారు. ఆ తరువాతనే సెక్షనుకు పళ్లు వచ్చాయి. 2018 మే నెలలో తుర్క్‌మెనిస్థాన్ పత్తి యావత్తు మీద, 2021 జనవరిలో చైనాలోని సింకియాంగ్ పత్తిమీద నిలుపుదల ఉత్తర్వులు వెలువడ్డాయి.

2021 డిసెంబరు 23న సంతకమై 2022 జూన్ 21 నుంచి అమలులోకి వచ్చిన మరో చట్టం సాక్ష్యభారాన్ని తలకిందులు చేసింది. సింకియాంగ్ సరకు ఏ కొంచెం కలిసినా అది నిర్బంధ శ్రమతో తయారైనదేనని ముందుగా భావిస్తారు. కాదని రుజువు చేసుకోవలసింది దిగుమతిదారే. సరకు ఆపిన తరువాత జవాబుకు ఇచ్చే గడువు 30 రోజులు. పత్తి సరకైతే కస్టమ్స్ వారు కోరే దస్తావేజుల జాబితా చూస్తే తల తిరుగుతుంది. ముడి పత్తి మొదలు కుట్టిన చొక్కా దాకా ప్రతి మెట్టులోనూ ఎవరు ఎవరికి అమ్మారు, ఎంత అమ్మారు, డబ్బు ఎలా చెల్లించారు, ఏ ఊరి మిల్లులో పని జరిగింది, ఆ ఊరు పటంలో ఎక్కడుంది, అన్నీ వరుస నంబర్లు వేసి చూపాలి.

ప్రపంచంలో పండే పత్తిలో సుమారు అయిదోవంతు సింకియాంగ్‌లోనే పండుతుంది. కనుక ఇది ఒక జిల్లా పంటకు పట్టిన చిక్కు వంటిది కాదు. చైనా నూలు, చైనా గుడ్డ కొని దుస్తులు కుట్టే ప్రతి దేశానికీ దీని సెగ తగులుతుంది. నిర్బంధ శ్రమ లేనే లేదని, పత్తి తీత చాలామటుకు యంత్రాలతోనే జరుగుతోందని చైనా ప్రభుత్వం మొదటినుంచి వాదిస్తోంది. యంత్రాల తీత ఇటీవలి సంవత్సరాలలో బాగా పెరిగిన మాట నిజమే. ఐతే 2018లో అక్సు, హోతాన్, కష్గర్ ప్రాంతాలనుంచే కనీసం 5,70,000 మందిని ప్రభుత్వ కూలీల తరలింపు పథకాల కింద పత్తి తీతకు పంపారని 2020 డిసెంబరులో ఒక పరిశోధన వెల్లడించింది. అందుకు ఆధారాలు రహస్య పత్రాలేమీ కావు. చాలావరకు అక్కడి అధికారుల ప్రకటనలు, ప్రభుత్వ పత్రికల వార్తలే. చైనా భాష వచ్చినవారు ఓపికగా కూర్చుని చదివారు, అంతే.

విద్యార్థుల గుమాస్తాగిరీ

విద్యార్థులు ఈ రంగంలోకి దిగడం పాతికేళ్లనాటి మాట. అమెరికాలో విశ్వవిద్యాలయాల పేరు, గుర్తు ముద్రించిన చొక్కాలు, టోపీలు పెద్ద వ్యాపారం. గుర్తు వాడుకోవడానికి కంపెనీలు విశ్వవిద్యాలయానికి లైసెన్సు రుసుము చెల్లిస్తాయి. ఆ దుస్తులు ఎక్కడ, ఎలాంటి షరతుల కింద కుట్టిస్తున్నారో చెప్పాలని 1998 ప్రాంతాలలో విద్యార్థులు పట్టుబట్టారు. కంపెనీలు మొదట ఫ్యాక్టరీల చిరునామాలు వ్యాపార రహస్యమన్నాయి. విద్యార్థులు నేరుగా కంపెనీలతో తగాదా పెట్టుకోలేదు. లైసెన్సు షరతులు మార్చమని తమ విశ్వవిద్యాలయాలనే పట్టుకున్నారు. మరుసటి ఏడాదికే కొన్ని పెద్ద కంపెనీలు చిరునామాలు బయటపెట్టక తప్పలేదు. 2000లో విద్యార్థుల చొరవతోనే వర్కర్ రైట్స్ కన్సార్షియం అనే స్వతంత్ర విచారణ సంస్థ ఏర్పడింది. నేడు 150కి పైగా విశ్వవిద్యాలయాలు అందులో సభ్యులు. ఎక్కడ నొక్కితే బేరం కదులుతుందో ఆ కుర్రవాళ్లు సరిగానే కనిపెట్టారని చెప్పాలి.

ఇప్పటి బృందాల తీరు వేరు. న్యాయశాస్త్రం చదివే విద్యార్థి ఒక్కడే కూర్చుంటే చట్టం ఏమంటుందో చెప్పగలడు గాని, బిల్ ఆఫ్ లేడింగు చూసి సరకు దారి పట్టలేడు. వాణిజ్యశాస్త్రం చదివినవాడు దారి పడతాడు గాని, ఉపగ్రహ చిత్రంలో కనిపించేది జిన్నింగు మిల్లో గోదామో గుర్తించలేడు. భూగోళశాస్త్రం వారు అది గుర్తిస్తారు, లోపల పనిచేసేవారి గోడు వారికి తెలియదు. స్థానిక భాష వచ్చినవారు, కంప్యూటరు లెక్కలు వచ్చినవారు, పత్రికా రచన నేర్చినవారు, అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తప్ప చొక్కా నుంచి చేను దాకా దారి పూర్తికాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో 2016 నుంచి ఇలాంటి విద్యార్థుల ప్రయోగశాల ఒకటి నడుస్తోంది. అక్కడ పరిశీలించేది సరకుల సంగతే కాదు, మానవ హక్కుల ఉల్లంఘనలన్నీ. పద్ధతి మాత్రం ఇదే. కొందరు చదువులో భాగంగా, కొందరు ఉత్సాహం కొద్దీ బహిరంగంగా దొరికే కాగితాలను, చిత్రాలను సరిచూస్తారు.

ఇంగ్లండులోని షెఫీల్డ్ హాలమ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021 నవంబరులో వెలువరించిన నివేదిక పత్తి వర్తకులు ప్రత్యేకంగా చూడదగింది. సింకియాంగ్ దూది వాడే చైనా నూలు, గుడ్డ కంపెనీలు ఏ దేశాలకు అమ్ముతున్నాయో కస్టమ్స్ రికార్డులలో వెతికారు. ఇండోనేషియా, శ్రీలంక, బంగ్లాదేశ్, వియత్నాం వంటి దేశాలలోని కుట్టు ఫ్యాక్టరీలు ఆ సరకు కొని దుస్తులుగా మార్చి అమెరికా, యూరపులకు పంపుతున్నాయని తేలింది. కొనే కంపెనీలలో పేరున్న బ్రాండ్లు నూటికి పైగా ఉన్నాయి. ఏ మిల్లు గేటూ దాటకుండానే, ఎవరినీ ప్రశ్నించకుండానే ఈ దారి పట్టారు. వర్తకుని గుమాస్తా పేటలో కూర్చుని రోజూ చేసే పని ఇదే. చిట్టాకు ఆవర్జాకు పొంతన చూడడం.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం బృందం 2018లో ఉపగ్రహ చిత్రాల సాయంతో పాకిస్థాన్, ఉత్తర భారతం, నేపాల్, బంగ్లాదేశ్‌లలో సుమారు 55,387 ఇటుక బట్టీలున్నాయని అంచనా వేసింది. అంతకు ముందు ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్కే లేదు. కాని ఆకాశంనుంచి బట్టీ కనిపిస్తుంది గాని, బట్టీలో ఇటుకలు కోసేవాడు తీసుకున్న బయానా కనిపించదు. అందుకు ఎవరో ఒకరు బట్టీ దగ్గరికి నడిచి వెళ్లవలసిందే.

ఉజ్బెకిస్థాన్ పాఠం

నిర్బంధ శ్రమ ఎక్కడ పుడుతుందన్న ప్రశ్నకు ఉజ్బెకిస్థాన్ పత్తి చరిత్ర ఇచ్చినంత స్పష్టమైన జవాబు మరెక్కడా దొరకదు. ఇందులోనూ విద్యార్థులే ఉన్నారు, కాకపోతే చేలలో. సోవియట్ కాలంనుంచి వస్తున్న ఆచారం ప్రకారం సెప్టెంబరు వచ్చిందంటే కళాశాలలు, పాఠశాలలు మూతబడేవి. విద్యార్థులు, ఉపాధ్యాయులు, ఆస్పత్రుల నర్సులు, డాక్టర్లు కూడా వారాల తరబడి చేలకు వెళ్లి రోజుకు ఇన్ని కిలోలని లెక్క అప్పగించాలి. వెళ్లనివారికి ఉద్యోగం పోవడమో, కళాశాలలో పేరు కొట్టివేయడమో తప్పదు. వెళ్లలేనివారు తమ బదులు మరొకరిని డబ్బిచ్చి పంపేవారు.

ఇది కేవలం అధికారుల దుర్మార్గం అనుకుంటే వర్తకునికి దీనివల్ల తెలిసేదేమీ ఉండదు. లోపల ఉన్నది ధర. ఏ రైతు ఎంత పత్తి ఇవ్వాలో ప్రభుత్వమే కోటా కట్టేది. ధరా ప్రభుత్వమే నిర్ణయించేది. ఎగుమతిలో వచ్చే డాలర్లకూ రైతుకు ముట్టే ధరకూ ఎక్కడా పొంతన ఉండేది కాదు. ఆ ధరలో తీత కూలి గిట్టుబాటుగా ఇవ్వడం రైతువల్ల కాదు. కూలి తక్కువైతే కూలీలు రారు. కోటా నిండకపోతే జిల్లా అధికారి పదవి పోతుంది. కనుక అతడు బడి తలుపు తట్టేవాడు. పైన ఒక ధర, కింద ఒక ధర పెట్టి మధ్య ఖాళీని పిల్లల చేతులతో పూడ్చడమే దశాబ్దాలపాటు జరిగింది.

2007లో దేశదేశాల కార్మిక, మానవహక్కుల సంఘాలు కలిసి కాటన్ కాంపెయిన్ పేరిట కూటమి కట్టాయి. ఉజ్బెక్ పత్తి తెలిసి వాడబోమని 300కి పైగా బ్రాండ్లు కాలక్రమాన ప్రతిజ్ఞ చేశాయి. దేశం లోపల కొద్దిమంది స్థానికులు చేలవెంట తిరిగి, ఫొటోలు తీసి, కళాశాలల హాజరు వివరాలు సేకరించి పంపేవారు. వారిలో పలువురు పోలీసుల చేతికి చిక్కారు. 2013 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ పరిశీలన మొదలైంది. ముందు చిన్నపిల్లలను మానిపించారు, కాని ఆ మేరకు పెద్దలమీద వత్తిడి పెరిగింది. అసలు మార్పు 2016లో అధ్యక్షుడు కరీమోవ్ మరణించిన తరువాత వచ్చింది. కొత్త అధ్యక్షుడు మిర్జియోయేవ్ హయాంలో 2017 సెప్టెంబరులో విద్యార్థులను, ఉపాధ్యాయులను, వైద్య సిబ్బందిని చేలనుంచి వెనక్కి రప్పించారు. తీత కూలి రేట్లు పెంచారు. 2020 మార్చిలో పత్తి కోటా పద్ధతినే రద్దు చేశారు.

ఫలితం చెప్పుకోదగింది. 2021 పంట తీసినవారిలో 99 శాతం మంది స్వచ్ఛందంగా వచ్చినవారేనని కార్మిక సంస్థ లెక్క తేల్చింది. 2022 మార్చి 10న బ్రాండ్ల బహిష్కరణ ఎత్తివేశారు. కూలి పెంచితే పత్తి గిట్టదన్న వాదన ఎంతకాలం వినిపించిందో తలుచుకుంటే, కూలి పెంచిన తరువాత సుమారు 20 లక్షలమంది తమంతట తాము చేలకు రావడం గమనార్హం. ఆ దేశం ఇప్పుడు బేళ్లు అమ్మడం దాదాపు మాని, దూదిని నూలుగా, గుడ్డగా మార్చి అమ్ముతోంది. బహిష్కరణ కాలంలో తగ్గింపు ధరకు ఉజ్బెక్ దూది కొని అలవాటుపడ్డ మిల్లులకు ఆ బేరం పోయింది. పక్కనే ఉన్న తుర్క్‌మెనిస్థాన్‌లో ఈ మార్పులేవీ రాలేదు. అక్కడి పత్తిపై 2018 నాటి ఉత్తర్వు అలాగే ఉంది.

గొలుసు తెగే చోటు

దారి పట్టే బృందాలన్నీ ఒకే చోట ఆగిపోతాయి. అది జిన్నింగు మిల్లు ప్రాంగణం. ఆదిలాబాదులోనైనా, ఆదోనిలోనైనా, గుంటూరులోనైనా జరిగేది ఒకటే. యార్డులో పదిమంది రైతుల బండ్లు, ట్రాక్టర్లు దిగుతాయి. అడితీదారు లాట్లు చేస్తాడు. మిల్లులో ఆ లాట్లన్నీ ఒకే కుప్ప. జిన్ను ఆడి, 170 కిలోల బేలుగా ప్రెస్సు కట్టేసరికి ఏ రైతు పత్తి ఏ బేలులో ఉందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. బేలుమీద ప్రెస్ మార్కు, లాటు నంబరు ఉంటాయి. అవి మిల్లు దాకానే తీసుకుపోతాయి, చేను దాకా కాదు.

రెండోసారి నూలు మిల్లులో. నూలు నాణ్యత ఒకే తీరుగా రావాలంటే పదుల సంఖ్యలో బేళ్లు పక్కపక్కన పరిచి కొంచెం కొంచెంగా తీసి కలపాలి. మిక్సింగు మాస్టరు నేర్పు అంతా ఇందులోనే. తెలంగాణ దూది, మహారాష్ట్ర దూది, దిగుమతైన దూది ఒకే నూలులోకి పోతాయి. మంచి నూలు తీయడానికి ఏది అవసరమో సరిగ్గా అదే దూది పుట్టుకను చెరిపివేస్తుంది. ఇందులో ఎవరి మోసమూ లేదు. కాని అమెరికా కస్టమ్స్ వారి ముందు నిలబడ్డ ఎగుమతిదారుకు ఈ వివరణ పనికిరాదు.

అందుకే బేలుకు ఒక చీటీ పద్ధతి వస్తోంది. అమెరికా బేలుకు విడి గుర్తింపు నంబరు ఎప్పటినుంచో ఉంది. మన దేశంలో 2020లో కస్తూరి కాటన్ అని పేరు పెట్టి, బేలుబేలుకూ క్యూఆర్ చీటీ తగిలించే ఏర్పాటు చేపట్టారు. ఏ మిల్లులో ఎప్పుడు ప్రెస్ చేశారో, నాణ్యత ఎంతో చీటీ చెబుతుంది. తీత కూలి సంగతి చెప్పాలంటే మాత్రం చీటీ ఇంకా వెనక్కి, చేనులోకి నడవాలి.

మన ఇంటి సంగతి

తెలుగునాట పత్తి తీతకు వీధుల వెంట విద్యార్థులను తోలే అధికారి ఎవరూ లేరు. అంతమాత్రాన మనం నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. అమెరికా కార్మిక శాఖ 2009 నుంచి వెలువరిస్తున్న సరకుల జాబితాలో భారతదేశపు హైబ్రిడ్ పత్తి విత్తనం పేరు బాలకార్మికులు, నిర్బంధ శ్రమ అనే రెండు కాలాలలోనూ ఉంది. ఆ విత్తనం కథ కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలది.

1970లో గుజరాత్‌లో హెచ్-4, ఆ వెంటనే వరలక్ష్మి వచ్చిన తరువాత హైబ్రిడ్ విత్తనోత్పత్తి మన దేశంలో పెద్ద పరిశ్రమ అయింది. సీడ్ పత్తి చేనులో క్రాసింగ్ పని చూసినవారికి తెలుసు. సాయంత్రం ఆడమొక్క మొగ్గ ఒలిచి పుప్పొడి తిత్తులు తీసేయాలి. తెల్లవారి మగపువ్వు తెచ్చి దానిపై అద్దాలి. ఇలా ప్రతి మొగ్గకూ చేతితోనే చేయాలి. రోజూ చేయాలి, నెలల తరబడి చేయాలి. సాగు ఖర్చులో సగం పైగా కూలీదే. ఈ పనికి ఆడపిల్లలే సరైనవారని, వారి చేతులు సున్నితమని, మొక్క ఎత్తు వారికి సరిపోతుందని చెప్పేవారు. అసలు కారణం రేటు. పిల్ల కూలి పెద్ద కూలికంటె తక్కువ. పైగా ఎండాకాలంలోనే తల్లిదండ్రులకు అడ్వాన్సు ఇచ్చి పిల్లను సీజనుకు కట్టేసుకునేవారు.

హైదరాబాదుకు చెందిన పరిశోధకుడు దావులూరి వెంకటేశ్వర్లు 1990 దశకం చివరినుంచి ఈ చేలను పరిశీలించి వరుసగా నివేదికలు రాశారు. 2005లో మరొక పరిశోధకురాలితో కలిసి వెలువరించిన నివేదిక వర్తకుల భాషలోనే మాట్లాడింది. విత్తన కంపెనీలు ఆర్గనైజర్ల ద్వారా రైతుకు చెల్లించే కొనుగోలు ధరను, ఎకరానికయ్యే కూలిని పక్కపక్కన పెట్టి లెక్క కట్టింది. ఆ ధరకు పెద్దవాళ్ల కూలి ఇస్తే రైతుకు మిగలదని తేల్చింది. రైతును జైలుకు పంపితే సమస్య తీరదని, ధరే మారాలని దాని సారాంశం. ఉజ్బెక్ కోటా లెక్కకూ గద్వాల సీడ్ లెక్కకూ పోలిక ఇక్కడే ఉంది. అక్కడ ప్రభుత్వం నిర్ణయించింది, ఇక్కడ కంపెనీ నిర్ణయించింది. ఆ తరువాత కొన్ని కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు కొనుగోలు ధరపై బోనసు ఇవ్వసాగాయి. రంగారెడ్డి జిల్లాలో పని ఆరంభించిన ఎం.వి. ఫౌండేషన్ వారు పిల్లలను చేలనుంచి బడికి మళ్లించిన తీరు దేశమంతటా తెలిసినదే. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. అయినా 2015 నాటి మరో నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద సీడ్ పత్తి చేలలో 14 ఏళ్లలోపు పిల్లలే సుమారు 2 లక్షలమంది ఉన్నారు.

మామూలు పత్తి తీతలో సంగతి మరోలా ఉంటుంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు ముఖం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు జిల్లాకు పత్తి తీతకు, మిరప కోతకు వలసపోతాయి. కిలోకు ఇంత అని కూలి. వెళ్లాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టమే. దీనిని వెట్టి అనలేము. మేస్త్రి ఇచ్చిన బయానా తీరేదాకా తిరిగి రాకూడదన్న షరతు చేరితే మాత్రం అది వెంటనే మరో రంగు పులుముకుంటుంది. పిల్లల చదువు ఆ నెలల్లో ఎలాగూ గంగలో కలిసినట్లే.

ఇక మన దూది పోయేది ఎక్కువగా తమిళనాడు మిల్లులకు. అక్కడ సుమంగళి పథకం పేరిట పల్లెటూరి ఆడపిల్లలను మూడేళ్ల ఒప్పందంపై మిల్లు హాస్టళ్లలో ఉంచి, చివర పెళ్లి ఖర్చులకని పెద్ద మొత్తం ఇస్తామనడం, మధ్యలో వెళ్లిపోతే ఆ మొత్తం దక్కకపోవడం 2010 తరువాత విదేశీ కొనుగోలుదారుల దృష్టికి వచ్చాయి. 2022 జూలై 29న దిండుగల్ జిల్లాలోని ఒక దుస్తుల ఫ్యాక్టరీ సరకుపై అమెరికా కస్టమ్స్ నిలుపుదల ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఫ్యాక్టరీలో వేధింపుల విషయమై స్థానిక మహిళా కార్మిక సంఘానికీ, యాజమాన్యానికీ, విదేశీ బ్రాండ్లకూ అప్పటికే ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది. అక్కడ విచారణ జరిపినవారిలో విద్యార్థులు పుట్టించిన పై కన్సార్షియం కూడా ఉంది. దిద్దుబాటు జరిగినట్లు చూపడంతో సెప్టెంబరు 7న ఉత్తర్వు సడలించారు. ఆరు వారాలలోపే ఇలా తెమలడం అరుదు. కాగితాలు, సాక్షులు, సంఘం సంతకం ముందే సిద్ధంగా ఉండబట్టి సాధ్యమైంది.

బయానా, చట్టం

నిర్బంధ శ్రమ అంటే సంకెళ్లు వేయడమని అనుకుంటే పొరపాటు. శిక్ష భయం చూపి, ఇష్టం లేకుండా చేయించే ఏ పనైనా నిర్బంధ శ్రమేనని 1930 నాటి అంతర్జాతీయ ఒడంబడిక చెబుతుంది. భారతదేశం దానిని 1954లో ఆమోదించింది. తీసుకున్న అప్పుకు బదులు చాకిరీ చేయించడాన్ని 1976 నాటి వెట్టి నిర్మూలన చట్టం నేరంగా పేర్కొని, ఆ బాకీలనే రద్దు చేసింది. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసింది. కనీస వేతనం కంటె తక్కువకు చేయించుకుంటే అదీ నిర్బంధ శ్రమేనని, ఆకలి తరుముతుంటే ఒప్పుకున్నది ఒప్పుదల కాదని తీర్పు చెప్పింది. ఈ లెక్కన చూస్తే మార్కెట్ యార్డు ప్రహరీలోపలే వెతకవలసినవి కొన్ని ఉంటాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచంలో 2.76 కోట్లమంది నిర్బంధ శ్రమలో ఉన్నారు.

వర్తకుల ఫిర్యాదులోనూ న్యాయం లేకపోలేదు. చీటీలు, సర్టిఫికెట్లు, తనిఖీలు అడిగే విదేశీ కొనుగోలుదారు ధర దగ్గరికి వచ్చేసరికి పాత ధరే అంటాడు. తనిఖీ ఖర్చు కుట్టు ఫ్యాక్టరీ మీద, అక్కడినుంచి నూలు మిల్లు మీద, అక్కడినుంచి జిన్నరు మీద, చివరకు రైతుమీద పడుతుంది. రైతు దానిని ఎవరిమీద వేస్తాడో చెప్పనక్కరలేదు. నిర్బంధ శ్రమను ఆపడానికి పెట్టిన షరతే కూలి రేటును ఇంకా కిందికి తొక్కే ప్రమాదం ఉంది. విశ్వవిద్యాలయాల నివేదికలలో సరకు దారి గురించి వివరంగా ఉంటుంది గాని, ఏ మెట్టులో ఎవరు ఎంత లాభం తీసుకున్నారో చూపే లెక్క అరుదు. పైన చెప్పిన 2005 నివేదిక వంటిది ఇంకా రావలసి ఉంది.

ఈలోగా యూరపుకు సరకు పంపే తిరుప్పూరు ఎగుమతిదారు 2027 గడువులోపు తన నూలు మిల్లును అడుగుతాడు. మిల్లు జిన్నరును అడుగుతుంది. జిన్నరు అడితీదారును అడుగుతాడు. అడితీదారు చిట్టాలో ప్రస్తుతం రైతు పేరు, ఊరు, తూకం, తరుగు, ధర, కమీషను అనే కాలాలున్నాయి. తీత కూలి కిలోకు ఎంత ఇచ్చారు, మేస్త్రి ఎవరు, బయానా ఎంత అన్న కాలాలు లేవు.